ఎక్కడ కొయ్యమంటారు?

"నోరు తెరువు," అంది నర్సమ్మ.

తమ్ముడు నోరు తెరిచాడు. నర్సమ్మ వంగి వాసన చూసింది. చూడాల్సిన పనేం లేదు, గుమ్మం అవతలి దాకా కొడుతూనే ఉంది. అయినా చూసింది, రూలు గనక. చూసి, ముక్కు చిట్లించి, ఎదుటి భవనం వైపు చెయ్యి చూపించింది.

"తాగి ఉన్నాడు. మనసు భవనంలోకి తాగినవాణ్ణి రానివ్వరమ్మా. ముందు అటెళ్ళి మానిపించుకోండి. ఒక నెల చుక్క ముట్టకుండా ఉండి వస్తే పెద్ద డాక్టరుగారు చూస్తారు."

"ఇప్పుడు అటునించే కదా తల్లీ వస్తున్నాం," అంది అక్క. "వాళ్ళేమన్నారో తెలుసా? ఇతనికి చెవిలో మాటలు వినబడుతున్నాయి, ఇది మా కేసు కాదు, ముందు మనసు భవనంలో తల బాగుచేయించుకు రమ్మన్నారు."

"వాళ్ళ రూలు వాళ్ళది."

"మీ రూలు మీది. మరి మావాడు ఎవరివాడు?"

నర్సమ్మ వెనక వరసలో నిలబడ్డవాళ్ళని ముందుకి పిలిచింది. ఆమె చెడ్డదేం కాదు. పొద్దుటినించి ఆ గుమ్మంలో నోళ్ళు వాసన చూసీ చూసీ అన్నం సయించని మనిషి. కానీ మంచివాళ్ళ చేత చెడ్డపని చేయించాలంటే చేతికి ఒక రూలు ఇస్తే చాలు.

అక్కా తమ్ముడూ మెట్లు దిగి నడుమనున్న సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. ఆసుపత్రికి గేటు ఒకటే. ప్రహరీ ఒకటే. నీళ్ళ ట్యాంకు ఒకటే. లోపల మాత్రం ఎదురెదురుగా రెండు భవనాలు, ఎడమొహం పెడమొహంగా ఉన్న తోడికోడళ్ళలాగా. ఒకటి మనసు భవనం, ఒకటి తాగుడు మానిపించే భవనం. అందరూ దాన్ని మానుడు భవనం అంటారు. రెంటి డాక్టర్లూ గేటు పక్కనున్న ఒకే క్యాంటీన్లో టీ తాగుతారు. తాగి ఎవరి భవనంలోకి వాళ్ళు పోతారు.

"పోదాం పద అక్కా," అన్నాడు తమ్ముడు. "కుట్టాల్సిన యూనిఫారాలు గుట్టపడి ఉన్నాయి."

"ఇప్పుడేమంటోంది అది?"

తమ్ముడు చెవి పక్కకి చెయ్యి తీసుకుపోయి, సగంలో ఆపాడు. "అదే. అంగుళం తక్కువ అంటోంది."

*

వాళ్ళది కుట్టు దుకాణం. అక్క మిషన్ తొక్కుతుంది, తమ్ముడు కటింగ్ చేస్తాడు. వీధిలో వాళ్ళకి అతను 'మాస్టారు'. బడిపిల్లల లాగులూ చొక్కాలూ, ఆసుపత్రి ఆయాల కోట్లూ, హోటలు కుర్రాళ్ళ చొక్కాలూ, అన్నీ ఆ పొడుగాటి బల్ల మీద పరుచుకుని, పొర మీద పొర వేసి, సుద్దతో గీత గీసి ఒక్క ఊపున కోసేస్తాడు. కత్తెర అతని చేతిలో ఉంటే బట్ట కోస్తున్న చప్పుడు కూడా తీరుగా ఉంటుంది. కరకరమని ఆగి ఆగి కాదు, ఒకటే జరజరా.

కానీ గీత గీసినప్పుడల్లా చెవిలో ఎవరో మాట్లాడతారు. ఆడో మగో తెలియదు. తప్పు గీశావంటుంది. అంగుళం తక్కువంటుంది. టేపు పెట్టి మళ్ళీ కొలుస్తాడు. సరిపోతుంది. కాదు, తక్కువే అంటుంది. మళ్ళీ కొలుస్తాడు. ఒక్క లాగు కోయడానికి పొద్దు పోతుంది. అప్పుడు వెళ్ళి రెండు గుక్కలు తాగి వస్తాడు. తాగితే అది నోరు మూసుకుంటుంది. తాగినవాడి గీతే తిన్నగా వస్తుంది. ఇది ఎవరికి చెబితే నమ్ముతారు? "తాగుబోతుకి సాకులకేం కొదవ," అన్నారు చుట్టాలు. మొదట్లో రెండు గుక్కలు చాలేవి. తరవాత సీసా కావలసి వచ్చింది. ఇప్పుడు సీసా తాగినా అది మాట్లాడుతూనే ఉంది.

ఆసుపత్రినించి వచ్చిన రోజు మాస్టారు గుమ్మంలో నిలబడి అన్నాడు: "నెల మానమన్నారు కదక్కా. మానేస్తా."

మూల కూర్చుని గుండీలకి కాజాలు కుడుతున్న పిన్ని కళ్ళజోడు మీంచి చూసింది. సొంత పిన్ని కాదు, వీధి మొత్తానికి పిన్ని. దారం పళ్ళతో తెంపుతూ, "ఎన్నోసారిరా ఇది మానడం? నువ్వు మానినన్నిసార్లు నేను ముక్కుపొడి మానలేదు," అంది.

"ఈసారి నిజం పిన్నీ."

"సరే, నేనూ ముక్కుపొడి మానేస్తా. ఎవరు ముందు ముట్టుకుంటే వాళ్ళు ఎదుటివాళ్ళకి గులాం."

మాస్టారు నవ్వాడు. ఆ మాటకి నిలబడ్డాడు కూడా. మర్నాడు చుక్క ముట్టలేదు. చెమటలు పట్టాయి, అన్నం కెలికి వదిలేశాడు, అయినా ముట్టలేదు. అక్కకి కొండంత సంబరం. పెద్ద డాక్టరు చెప్పమన్న మాట నర్సమ్మ చెప్పింది, తమ్ముడు వింటున్నాడు, ఇంకేం కావాలి? ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో ఆ గుమ్మంలో ఎవరూ చెప్పలేదు. చెప్పడం వాళ్ళ భవనం పని కాదు.

ఆ మర్నాడు వణుకు మొదలైంది. ముందు వేళ్ళు, తరవాత మోచేతులు, తరవాత దవడ. బల్ల మీద నీలం గుడ్డ పరిచి ఉంది. మాస్టారు దాని మీద వంగి అరచేత్తో తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తాడు, చెయ్యి దులుపుకుంటాడు, మళ్ళీ తుడుస్తాడు.

"ఏం చేస్తున్నావురా?"

"గుండుసూదులక్కా. పాకుతున్నాయి. చూడు, కాలరు దగ్గరికి పోతున్నాయి. పిల్లలకి గుచ్చుకుంటాయి."

గుడ్డ మీద ఒక్క సూది లేదు. పిన్ని చేతిలో కాజా ఆగిపోయింది.

మాస్టారు కత్తెర అందుకున్నాడు. పెద్ద కత్తెర, ఇనుపది, బరువుకి మామూలు మనిషి మణికట్టు నొప్పెడుతుంది. రెండు చేతులతో పట్టుకుని, రెక్కలు మూసి, పిడి అక్క వైపు పెట్టి అందించాడు. వృత్తి నేర్చినవాడు కత్తెర అందించే తీరు అది. ఒళ్ళంతా ఊగిపోతున్నా అది మాత్రం తప్పలేదు.

"దాచెయ్యక్కా. నాక్కనబడనివ్వకు. నన్ను కోసుకోమంటోంది."

అక్క కత్తెర తీసుకుంది. గుడ్డలో చుట్టింది. దుకాణంలో ఎక్కడ దాచినా వాడికి తెలుస్తుందని సంచిలో వేసుకుని సంచి భుజాన తగిలించుకుంది.

"పిన్నీ, దుకాణం చూస్తూ ఉండు," అంది. "ఇవాళ ఆ రెండు భవనాలో, నేనో."

*

నర్సమ్మ "నోరు తెరువు" అంది. వాసన లేదు. ఆశ్చర్యపోయి మళ్ళీ చూసింది. లేదు.

"మానాడమ్మా," అంది అక్క. "లేని గుండుసూదులు పాకుతున్నాయంటున్నాడు. ఇప్పుడు రానివ్వండి."

నర్సమ్మ లోపలికెళ్ళి చిన్న డాక్టర్ని అడిగి వచ్చింది. "ఈ వణుకూ, ఈ సూదులు పాకుతూ కనబడటం తాగుడు ఆపినందువల్ల వచ్చిందటమ్మా. అది మానుడు భవనం వాళ్ళు చూడాలి."

మానుడు భవనానికి వెళ్ళారు. అక్కడ గుమ్మంలో కూర్చున్నాయన మాస్టార్ని పేరు అడిగాడు. మాస్టారు పక్కకి తిరిగి, "కొలిచాను కదా, మూడుసార్లు కొలిచాను," అన్నాడు గోడతో.

"ఎవరితో మాట్లాడుతున్నాడు?"

"చెవిలో మాటతో."

"అయితే అది మనసు భవనం."

తాగి వస్తే అటు పొమ్మన్నారు. తాగకుండా వస్తే ఇటు పొమ్మన్నారు. అక్క మెట్ల మీద నిలబడి రెండు గుమ్మాలూ మార్చి మార్చి చూసింది. ఆమెకి ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చే చోట ఇంకేదో వచ్చింది.

డాక్టర్లు టీకి బయటికొచ్చే వేళ అది. మనసు భవనం లోంచి కళ్ళజోడు నుదుటికి ఎక్కించుకుని పెద్ద డాక్టరు దిగుతున్నాడు. మానుడు భవనం లోంచి గుడ్డబూట్లు వేసుకున్న డాక్టరమ్మ గబగబా వస్తోంది. అక్క తమ్ముణ్ణి తీసుకుపోయి సరిగ్గా ఇద్దరికీ నడుమ, సిమెంటు బల్ల దగ్గర నిలబెట్టింది.

"డాక్టరుగారూ! డాక్టరమ్మా! ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. మళ్ళీ మీరిద్దరూ ఒకచోట నాకు దొరకరు."

నడుముకి దోపుకున్న సుద్దముక్క తీసింది. తమ్ముడి గుండీలు పైదాకా పెట్టి చొక్కా తిన్నగా లాగింది. కాలరు కింద సుద్ద ఆనించి, ఛాతీ మీదుగా, పొట్ట మీదుగా, చొక్కా అంచు దాకా గీత గీసింది. వాడు వణుకుతున్నాడు గానీ ఆమె చెయ్యి వణకలేదు. బూడిదరంగు చొక్కా మీద తెల్లగా గీత.

"ఈ పక్కవాడు తాగుతాడు. వీణ్ణి మీరు తీసుకోండి డాక్టరమ్మా. ఈ పక్కవాడికి మాటలు వినబడతాయి. వీడు మీవాడు డాక్టరుగారూ. గుండె ఎటొచ్చిందో మీరూ మీరూ తేల్చుకోండి." సంచి లోంచి గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టింది. పెట్టిన చప్పుడుకే అందులో ఉన్నదేమిటో అందరికీ తెలిసింది. "మా వృత్తే కొయ్యడం. ఎక్కడ కొయ్యమంటారో చెప్పండి. రెండు ముక్కలూ చక్కగా మడతపెట్టి తెచ్చిస్తా."

వరసల్లో ఉన్నవాళ్ళంతా చుట్టూ మూగారు. మెట్ల మీదనించి నర్సమ్మ "అమ్మో!" అంది.

మాస్టారు తలొంచి గీత చూసుకున్నాడు. చూసి, ఊగుతున్న వేలు దాని మీద పెట్టాడు.

"అక్కా," అన్నాడు. పళ్ళు టకటకమంటున్నాయి. "గుండీపట్టీ మీద గీశావు. ఇక్కడ కోస్తే కుట్టుకోవడానికి బట్ట మిగలదు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వినందుకు సిగ్గుపడి నోరు మూసుకున్నారు. డాక్టరమ్మ మటుకు నవ్వలేదు. రెండంగల్లో వచ్చి మాస్టారి మణికట్టు పట్టుకుంది, కనురెప్ప పైకెత్తింది.

"ఎప్పుడు ఆపావు తాగడం?"

"మొన్న. నెల ఆపి రమ్మన్నారు."

"ఎవరు?" అంటూ తలెత్తింది. పెద్ద డాక్టరు కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకున్నాడు.

"మా గుమ్మంలోనే చెబుతారు," అన్నాడు మెల్లగా. "నేను పెట్టిన రూలే. తాగి ఉంటే జబ్బేదో మత్తేదో తేలదని పెట్టాను. ఇంటికెళ్ళి వీళ్ళంతట వీళ్ళు ఆపేస్తారని అనుకోలేదు."

"ఇప్పుడు పడుకోబెట్టి చూసుకోకపోతే ఫిట్స్ వస్తాయి ఇతనికి. ప్రాణం మీదికొస్తుంది."

"చెవిలో మాటకి కూడా ఇవాళే చూడాలి. లేకపోతే నువ్వు వణుకు తగ్గించి పంపిన మర్నాడే మళ్ళీ తాగుతాడు."

"మీవాళ్ళు మాటలు తగ్గించి పంపితే మాత్రం? తాగి మాత్రలు మానేస్తాడు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళుగా ఒక రోగిని పట్టుకుని ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకోవడం అదే మొదలని వాళ్ళ మొహాలే చెబుతున్నాయి.

"ఏ మంచం?" అన్నాడు పెద్ద డాక్టరు.

"నా దగ్గర ఖాళీ ఉంది. మీరే రావాలి."

"వస్తాను."

"రోజూ రావాలి."

"రోజూ వస్తానమ్మా. చక్రాల కుర్చీ తెప్పించు ముందు."

అక్క కత్తెరమూట తీసి సంచిలో వేసుకుంది. అప్పుడు బల్ల మీద కూలబడింది.

*

సాయంత్రం డాక్టర్లిద్దరూ మంచం పక్కనే ఆమెని కూర్చోబెట్టి అడిగారు. మాస్టారు సెలైను బాటిలు కింద నిద్రపోతున్నాడు. గీత ఉన్న చొక్కా కుర్చీ మీద వేలాడుతోంది.

"ఇంతకుముందు మాత్రలేవన్నా వేశాడా?"

"వీధి చివర క్లినిక్కులో రాసిచ్చారు. నేనే దగ్గరుండి ఇచ్చేదాన్ని. బాబిన్లుండే సొరుగులో పెట్టి తాళం కూడా వేశాను." గర్వంగానే చెప్పింది.

"రోజూ ఇచ్చారా?"

"తాగని రోజు ఇచ్చాను. తాగిన రోజు ఇవ్వలేదు. తాగి మాత్ర వేసుకుంటే పోతారని మందుల షాపతను చెప్పాడు."

"ఎన్నాళ్ళు తాగకుండా ఉండేవాడు?"

అక్క వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఒక్క వేలు దగ్గరే ఆగింది. వారంలో ఒకనాడు ఇచ్చిన మాత్ర. మిగతా రోజులు సొరుగులో భద్రంగా తాళం వేసిన మాత్ర. లోకం మీద అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న మనిషి, తన దుకాణంలో తనే ఒక గుమ్మం కట్టి కూర్చుంది. తాగితే రావద్దు అని.

"అంటే ఒక కుట్టు వేసి ఆరు వదిలేశాను," అంది చివరికి. "ఆ బట్ట నిలిచేదేనా?"

"కొన్ని మాత్రలు తాగుడుతో కలిస్తే నిజంగానే ప్రమాదం," అంది డాక్టరమ్మ. "కొన్ని ఆపితే ప్రమాదం. ఏది ఏదో మీకు తెలిసే దారి లేదు. షాపతనికీ తెలియదు. తాగినా సరే, తాగకపోయినా సరే, మమ్మల్ని అడగండి. సొరుగుని అడక్కండి."

"అడిగితే రానిస్తారా?"

పెద్ద డాక్టరు గుమ్మం వైపు చూశాడు. అక్కడ నర్సమ్మ నిలబడి వింటోంది. "రానివ్వాలి," అన్నాడు ఆమెకి కూడా వినబడేలాగా.

రోజూ టీ వేళకి ఆయన నడుమనున్న ఖాళీ జాగా దాటి వచ్చేవాడు. వాన పడితే గొడుగేసుకుని వచ్చేవాడు. ఆయన వస్తున్నాడని తెలిసి పక్క మంచాలవాళ్ళు పిలవడం మొదలుపెట్టారు. తాగుడు మానడానికి వచ్చిన ఒక బస్సు డ్రైవరు, తనకి స్టీరింగు ముందు కూర్చుంటే గుండె ఆగిపోయేంత భయం వేస్తుందని, ఆ భయానికే తాగుతానని, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు గనక చెప్పలేదని చెప్పాడు. ఒకరోజు డాక్టరమ్మ గుడ్డబూట్లతో ఎదుటి భవనంలోకి పరిగెత్తడం కనబడింది. అక్కడ ఒకావిడకి నిద్రమాత్రల అలవాటు. నడుమనున్న జాగాలో గడ్డి నడకకి అణిగి బాట పడింది.

మాస్టారికి వణుకు తగ్గింది. సూదులు పోయాయి. మాట పోలేదు, దూరం జరిగింది. "పక్కింట్లో రేడియోలాగుంది," అన్నాడు.

*

ఇంటికొచ్చాక కత్తెర ఇవ్వలేదు. ఇవ్వొద్దని డాక్టర్లూ చెప్పారు, అక్కకీ ధైర్యం లేదు. మాస్టారు పిన్ని పక్కన కూర్చుని గుండీలు కుట్టాడు.

"పందెం గుర్తుందా?" అంది పిన్ని. "నేను ఇప్పటిదాకా ముక్కుపొడి ముట్టలేదు. ప్రాణం తోడేస్తోందిరా, నీ మూలాన."

"అబద్ధం. చీరకి మరకుంది."

"కళ్ళు బాగానే కనబడుతున్నాయి కాబోయే గులాముకి!"

అలా నాలుగు రోజులు నవ్వుకున్నారు. తరవాత ఒక మధ్యాహ్నం హోటలు యజమాని చొక్కాలు తీసుకుపోవడానికి వచ్చి, బల్లకి చేరగిలబడి, "ఏం మాస్టారూ, గుండీల దాకా దిగారే! ఇవాళ కొలత కరెక్టేనా, లేక నిన్నటిది ఇంకా దిగలేదా?" అన్నాడు. సరదాకే అన్నాడు. మాస్టారు కూడా నవ్వాడు. కాసేపటికి తెల్లదారం తెస్తానని వెళ్ళాడు.

దారం రాలేదు. మనిషీ రాలేదు.

అక్క మిషన్ మీది గుడ్డ మిషన్ మీదే వదిలేసి వీధిలో పడింది. తాగుడు దుకాణాలన్నీ తిరిగింది. ఒకదాంట్లో, "వచ్చాడు, తాగాడు, పోయాడు," అన్నారు. రైలు పట్టాల దాకా పోయింది. పట్టాల మీద ఎండ తప్ప ఏమీ లేదు. అయిపోయింది అనుకుంది. ఇంత చేసీ అయిపోయింది. ఆ రెండు భవనాల వాళ్ళకి చెప్పి, "మీ వైద్యం ఇంతేనా" అని కడిగేసి, ఆ మంచం మీదే పడి ఏడవాలనుకుంటూ ఆసుపత్రి గేటు దాటింది.

మెట్ల మీద నర్సమ్మ ఉంది.

"ఎక్కడికెళ్ళావమ్మా నువ్వు? మీ దుకాణానికి కబురు పెడితే పిన్నిగారు ఒక్కరే ఉన్నారట. మీవాడొచ్చి ఎంతసేపయింది!"

"ఎవరు తీసుకొచ్చారు?"

"ఎవరూ లేరు. నడిచొచ్చాడు."

"తాగాడా?"

"తాగాడు. నేను నోరు తెరవమనలేదు. తనే తెరిచి చూపించాడు." నర్సమ్మ నవ్వు ఆపుకుంటూ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మూసుకుని లోపలికి రా మాస్టారూ అన్నాను."

మాస్టారు అదే మంచం మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. ఒక పక్క డాక్టరమ్మ కూర్చుని ఉంది. అక్కని చూసి మాస్టారు తల దించుకోలేదు.

"అక్కా, అది మళ్ళీ మొదలెట్టింది. అంగుళం తక్కువని. పోయి తాగాను. తాగినా ఆగలేదు. ఇంకో సీసా కొందామని నిలబడ్డాను. అప్పుడనిపించింది, ఇక్కడ కొనేదేముంది, అక్కడికి పోతే పోలా అని."

"మాత్ర?"

"పొద్దున్నే వేసుకున్నా. ఇప్పుడేది వెయ్యాలో, ఏది వెయ్యకూడదో డాక్టరమ్మ చెబుతోంది."

తిట్టాలని గేటు దాకా కూడబెట్టుకొచ్చిన తిట్లన్నీ ఎక్కడికి పోయాయో అక్కకే తెలియలేదు. తాగినవాడు తన కాళ్ళ మీద తాను నడిచి, నోరు తెరుచుకుని, ఈ గుమ్మంలోకి వచ్చాడు. గుమ్మం తెరుచుకుంది. ఇంతకన్నా గెలుపేముంటుంది! గట్టిగా నవ్వింది. పక్క మంచాలవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. అప్పుడే పెద్ద డాక్టరు, టీ గ్లాసు చేతిలోనే పట్టుకుని, ఆ గడ్డి బాట మీదుగా గబగబా వస్తున్నాడు.

*

ఈసారి ఇంటికొచ్చేటప్పుడు, కత్తెర ఇవ్వచ్చా అని అక్క డాక్టర్లిద్దర్నీ అడిగింది. ఇద్దరూ మాస్టార్నే అడిగారు. అడిగి, పగటిపూట, మనుషులున్నప్పుడు, సరేనన్నారు.

పొద్దున్నే బల్ల మీద నీలం గుడ్డ పొరలు పరిచింది. సంచి లోంచి గుడ్డమూట తీసి విప్పింది. రెక్కలు మూసి, పిడి అతని వైపు పెట్టి అందించింది.

మాస్టారు బల్లంతా వెతికి, చివరికి సుద్దముక్క పిన్ని దగ్గర సంపాదించాడు. గీత గీశాడు. ఆగాడు. తల కొంచెం పక్కకి వంచాడు. అక్క మిషన్ తొక్కడం ఆపింది. పిన్ని సూది గాల్లో ఆపింది.

"ఏమంటోంది?" అంది అక్క.

"అంగుళం తక్కువంటోంది."

"నువ్వేమన్నావు?"

"టేపు చూసుకోమన్నా."

కత్తెర గుడ్డలోకి దిగింది, జరజరా.